పెరట్లో చెట్టు తుపానుకి తోడా, భయమా?



పోయిన వారం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సైన్స్ పీరియడ్ అయ్యాక నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మా పెరట్లో మామిడి చెట్టు కొట్టించేస్తామంటున్నారు నాన్న. అక్టోబర్ వస్తే మళ్ళీ తుపాను వస్తుందట, చెట్టు ఇంటిమీద పడుతుందట. మీరొకసారి చెప్పరా?" అని అడిగింది. కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ. ఆ చెట్టు వాళ్ళ తాతగారు నాటినదట.

వాళ్ళ నాన్నగారి భయం అబద్ధం కాదు. బరంపురంలో ఉన్నవాళ్ళకి అక్టోబర్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? 1999లో అక్టోబర్ 17న ఒక తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అదే నెల 29న పారాదీప్ వైపు మహా తుపాను వచ్చింది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి అటు శ్రీకాకుళాన్ని, ఇటు గంజాం, గజపతి జిల్లాల్ని కలిపి కొట్టింది. ఫైలిన్ మర్నాడు ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా చెట్టు దాటకుండా నడవలేకపోయాం. కరెంటు లేదు, కొళాయిలో నీళ్ళు లేవు, కొట్లు మూసి ఉన్నాయి. అది చూసినవాళ్ళకి చెట్టంటే భయం వేయడం సహజమే.

కానీ ఆ నాలుగైదు రోజులూ మా ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో, ఏం తిన్నామో కూడా నాకు గుర్తుంది. రాలిన కొబ్బరి బొండాల నీళ్ళు, పడిపోయిన అరటి గెల, విరిగిన మునగ కొమ్మల ఆకు. పెంకులు పగలగొట్టింది చెట్టే, అన్నంలోకి కూర ఇచ్చిందీ చెట్టే. అందుకని చెట్టు ఉండాలా, కొట్టేయాలా అని ఒక్క మాటలో తేల్చలేం. ఏ చెట్టు, ఎక్కడ, ఏ స్థితిలో ఉందో చూడాలి. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఒక మాట

తుపాను రోజున ప్రాణం కాపాడేది చెట్టు కాదు. ముందస్తు హెచ్చరిక, షెల్టర్, సమయానికి ఇల్లు వదిలి వెళ్ళడం – ఇవే కాపాడతాయి. 1999 మహా తుపానులో దాదాపు పదివేల మంది పోయారు. ఫైలిన్ నాటికి లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకి తరలించారు, మరణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. ఖాళీ చెయ్యమని చెబితే చెట్టునీ ఇంటినీ చూసుకుంటూ కూర్చోకుండా కదలాలి.

చెట్టు సాయం రెండు చోట్ల ఉంటుంది. గాలికీ నీటికీ అడ్డుపడి దెబ్బ తగ్గించడం ఒకటి. గాలి ఆగాక, బయటి సాయం అందేలోపు ఉండే ఆ నాలుగైదు రోజులు ఇంటికి ఆసరాగా ఉండడం రెండోది.

ఊరికి కాపు కాసే చెట్లు

చెట్ల వరుస గాలిని పూర్తిగా ఆపదు. గోడ కడితే గాలి గోడెక్కి అవతల సుడి తిరుగుతూ ఇంకా బలంగా దిగుతుంది. చెట్ల వరుస జల్లెడ లాంటిది. కొంత గాలిని తన లోంచి పోనిస్తూ దాని వేగం తగ్గిస్తుంది. వరుస ఎత్తుకి సుమారు పది రెట్ల దూరం వరకు ఆ ప్రభావం ఉంటుంది. అంటే 10 మీటర్ల ఎత్తున్న సరుగుడు వరుస వెనక 100 మీటర్ల వరకు పొలానికీ ఇళ్ళకీ కొంత మరుగు దొరుకుతుంది. మన తీరం వెంబడి సరుగుడు తోటలు పెంచింది కట్టెల కోసమే కాదు, ఇందుకు కూడా.

గంజాం తీరంలో మొగలి పొదలు మీరందరూ చూసే ఉంటారు. మొగలి పూల అత్తరు మన జిల్లాకి పేరు తెచ్చింది. ఆ పొదల ఊడవేళ్ళు ఇసుకని గట్టిగా పట్టుకుంటాయి. ఇసుక దిబ్బ నిలబడితే సముద్రపు పోటుకి ఊరి ముందు ఒక అడ్డు ఉన్నట్టే.

మన రాష్ట్రంలోనే ఉత్తరాన కేంద్రపడా జిల్లాలో మడ అడవులు ఉన్నాయి. 1999 తుపానులో అక్కడి ఊళ్ళకి ఏం జరిగిందో సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టి 2009లో ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే, మరణాలు అంత తక్కువగా ఉన్నాయని తేలింది. అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది. మడ కంటే ముందస్తు హెచ్చరిక ఎక్కువ ప్రాణాలు కాపాడింది. రెండూ కావాలి, ఒకటుంది కదా అని రెండోదాన్ని వదిలేయకూడదు.

గాలికి చెట్టు ఎందుకు పడుతుంది?

తుపాను తర్వాత వీధిలో నడుస్తూ చూస్తే, పడిన చెట్లకి కొన్ని పోలికలు కనిపిస్తాయి.

మొదటిది వేళ్ళు. తురాయి, పచ్చతురాయి లాంటి నీడ చెట్లు తొందరగా పెరుగుతాయి. కొమ్మ మెత్తన, గాలికి త్వరగా విరుగుతాయి. రోడ్డు పక్క చిన్న గుంటలో నాటితే వేళ్ళు లోతుకి పోవు. తాటి, కొబ్బరి సంగతి వేరు. వాటి మాను నిండా పీచు ఉంటుంది, గాలికి వంగి మళ్ళీ లేస్తుంది. కొమ్మలు లేవు కాబట్టి గాలి పట్టుకోవడానికి తల ఒక్కటే ఉంది. చింత, వేప లోతుగా వేళ్ళూనుకుంటే బాగానే తట్టుకుంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, అంత గాలికి ఏ చెట్టుకీ గ్యారంటీ లేదు.

రెండోది మనం చేసే తప్పు. మాను చుట్టూ అంగుళం ఖాళీ లేకుండా సిమెంటు పోసేస్తాం. వేరుకి నీరందదు, గాలి అందదు, కొన్నాళ్ళకి కుళ్ళుతుంది. పైకి పచ్చగానే ఉంటుంది. కాలవ తవ్వినప్పుడో, గోడ కట్టినప్పుడో ఒక పక్క వేళ్ళన్నీ నరికేస్తాం. ఆ చెట్టు ఒంటికాలి మీద నిలబడినట్టే.

మూడోది కొమ్మల బరువు. ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా వదిలేసి, భయం వేసిన రోజున తల మొత్తం నరికించేస్తాం. అలా మోడు చేసిన చోట గుబురుగా లేచే కొత్త కొమ్మలకి పట్టు తక్కువ. తర్వాత గాలికి ముందు విరిగేవి అవే. ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, ఇంటి కప్పు మీదికి వాలినవి మాత్రం ఏటా కొంచెం కొంచెంగా తీయించాలి.

గాలి ఆగిన మర్నాడు

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం. ఏ చెట్టు ఏమిస్తుంది, ఎంతవరకు ఇస్తుంది?

*కొబ్బరి.* పగలని బొండాంలో నీరు శుభ్రంగా ఉంటుంది. కానీ లెక్క చూడండి. మనిషికి రోజుకి తాగడానికి సుమారు 3 లీటర్లు అనుకుంటే ఐదుగురికి 15 లీటర్లు. ఒక బొండాంలో ఉండేది పావు లీటరు నుంచి అర లీటరు. అంటే ఒక్క రోజుకి కనీసం 30 బొండాలు కావాలి. కాబట్టి కొబ్బరి చెట్టుంది కదా అని నీళ్ళ డ్రమ్ము నింపడం మానకండి. బొండాం పిల్లలకీ, పెద్దవాళ్ళకీ, నీరసంగా ఉన్నవాళ్ళకీ ఆసరా. ముదిరిన కాయ నెలల తరబడి నిలవుంటుంది, పచ్చడికీ కూరకీ అదే ఆధారం. పగిలిన కాయ వరద నీటిలో తేలి వస్తే మాత్రం ముట్టుకోవద్దు.

*మునగ.* గాలికి ముందు విరిగేది ఇదే, ముందు చిగురించేదీ ఇదే. మొదలు నిలిచి ఉంటే కొన్ని వారాల్లో మళ్ళీ ఆకు వేస్తుంది. విరిగిన కొమ్మని నాలుగడుగులు కోసి పాతితే అది ఇంకో చెట్టవుతుంది. ఆకులో విటమిన్ ఎ, ఇనుము, కాల్షియం బాగా ఉంటాయి. నీడన ఆరబెట్టి పొడి చేసి డబ్బాలో పెడితే నెలలు నిలవుంటుంది, పప్పులో ఒక చెంచా వేయొచ్చు. ఎండిన మునగ గింజల పొడి బురద నీటిలో కలిపితే మట్టి అడుగుకి దిగి నీరు తేటపడుతుంది. తేటపడింది అంటే క్రిములు పోయినట్టు కాదు. ఆ నీళ్ళు మరిగించాకే తాగాలి.

*అరటి.* తుపానుకి నిలబడదు, నిలబడుతుందని ఆశ పడొద్దు కూడా. పడిన చెట్టు గెలతో కూర, పువ్వుతో కూర, దూటతో కూర. ఆకులో అన్నం తింటే కంచాలు కడిగే నీళ్ళు మిగులుతాయి. నీళ్ళు లేని రోజుల్లో అది చిన్న లాభం కాదు. దుంప బతికే ఉంటుంది, పిలకలు మళ్ళీ లేస్తాయి.

*కట్టెలు.* గ్యాస్ బండి వారం రాకపోతే? ఏటా తీయించే కొమ్మల్ని చెత్తలో పడేయకుండా ముక్కలు చేసి వాన తగలని చోట పేర్చి పెట్టుకోండి. కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు కూడా దాచుకోండి. తుపాను మర్నాడు పడిన పచ్చి కట్టె మండదు, పొగ తప్ప. ముందే ఆరినదే పనికొస్తుంది. తలుపులు మూసిన గదిలో మాత్రం కట్టెల పొయ్యి పెట్టకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

*నీడ.* తుపాను వెళ్ళాక ఎండ కాస్తుంది. ఫ్యాను తిరగదు. వేప చెట్టు కింద మంచం వేసుకున్నవాళ్ళకే దాని విలువ తెలుసు.

ఒక జాగ్రత్త. పిల్లలు ఏ ఆకు, ఏ కాయ తినొచ్చో పెద్దల్ని అడక్కుండా నోట్లో పెట్టకూడదు. కష్టకాలంలో మనం తినాల్సింది మామూలు రోజుల్లో తినడం అలవాటున్నవే.

వేసవి కాపు అక్టోబర్‌కి నిలవాలి

ఇక్కడే చాలామంది పొరబడతారు. చింతపండు వచ్చేది ఎండాకాలం మొదట్లో. మామిడి, పనస వచ్చేది మే, జూన్‌లో. తుపాను వచ్చేది అక్టోబర్‌లో. అప్పుడు చెట్టు మీద వాటి కాయ ఒక్కటీ ఉండదు. మరి ఆ చెట్లు ఉండి ఏం లాభం?

జవాబు మన వంటింట్లోనే ఉంది. బరంపురం పచ్చళ్ళకీ అప్పడాలకీ పేరు. మన అమ్మమ్మలు ఆవకాయ పెట్టింది, చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి కుండలో నొక్కింది, తాండ్ర పోసింది, మామిడి ఒరుగులు ఎండబెట్టింది రుచి కోసం ఒక్కటే కాదు. వాన కాలం, గాలి కాలం గడవడానికి. కరెంటు లేకపోతే ఫ్రిజ్ పని చెయ్యదు గానీ ఆవకాయ జాడీకి కరెంటు అక్కర్లేదు. ఇంట్లో అన్నం వండగలిగితే చాలు, జాడీ మిగతాది చూసుకుంటుంది.

తాటి చెట్టు సంగతి ఇంకా చిత్రం. వేసవిలో ముంజలు, భాద్రపదంలో పండు. ఆ టెంకల్ని ఇసుక నేలలో పాతిపెడితే మూడు, నాలుగు నెలల్లో తేగలవుతాయి. కాల్చుకునో, ఉడకబెట్టుకునో తింటాం. భూమిలో దాచిన తిండి అది, గాలి ఎత్తుకుపోలేదు. కాకపోతే తాటి నాటినవాడు పదేళ్ళకి పైగా ఆగాలి. మునగ ఏడాదిలోపే ఇస్తుంది. కాబట్టి ఇంటికి మునగా, ఊరికి తాటీ – రెండూ కావాలి.

పిడుగుల గురించి

తాటి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మన రాష్ట్రంలో పిడుగుపాటుని 2015 నుంచి విపత్తుగా గుర్తించారు. పొలాల్లో ఎత్తైన తాటిచెట్లు పిడుగుని తమ మీదికి తీసుకుంటాయన్న ఉద్దేశంతో ప్రభుత్వం తాటి నాటించే పని చేపట్టింది. అంటే అర్థం ఏమిటి? పిడుగు పడేది ఆ చెట్టు మీదే. ఉరుములు వినగానే తాటి కిందే కాదు, ఏ చెట్టు కిందా నిలబడకూడదు. పక్కా ఇంట్లోకి పోవాలి. చెట్టు మనల్ని కాపాడాలంటే ఆ సమయంలో మనం దానికి దూరంగా ఉండాలి.

ఎప్పుడు ఏం చెయ్యాలి

జూలై, ఆగస్టు: వానలు పడ్డాక నాటండి. పెద్దయ్యే చెట్టు ఇంటి గోడకీ కరెంటు తీగకీ దూరంగా ఉండాలి. కొబ్బరి మొక్కకీ మొక్కకీ మధ్య 25 అడుగులు వదలండి. మాను చుట్టూ కనీసం మూడడుగులు సిమెంటు లేకుండా ఉంచండి.

సెప్టెంబర్: ఎండు కొమ్మలు, కప్పు మీదికి వాలినవి తీయించండి. తీగల దగ్గర కొమ్మలైతే మీరు ముట్టుకోకండి, కరెంటు వాళ్ళకి చెప్పండి. మొవ్వు చచ్చిన కొబ్బరి చెట్టు మళ్ళీ బతకదు. ఇంటి పక్కన ఉంటే కొట్టించేయాల్సిందే.

హెచ్చరిక రాగానే: గాలి మొదలవక ముందే ముదిరిన కాయలు, ఎండు మట్టలు దింపించండి. ఆ గాలికి ఎగిరే కొబ్బరికాయ ఫిరంగి గుండుతో సమానం. 2013లో మేము బద్ధకించాం, మా వంటింటి పెంకులు దానికి సాక్ష్యం. గాలి మొదలయ్యాక ఎవర్నీ చెట్టెక్కనివ్వకండి.

తుపాను నడుమ: ఒక్కసారిగా గాలి ఆగిపోతే అయిపోయిందనుకుని బయటికి రాకండి. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. మొదటి గాలికి సగం ఒరిగిన చెట్లు పడేది అప్పుడే.

మర్నాడు: తీగ మీద పడిన చెట్టుని ముట్టుకోవద్దు. 1912కి ఫోన్ చెయ్యండి. వేళ్ళతో సహా ఒరిగిన చిన్న చెట్టయితే వెంటనే నరకకండి. వేళ్ళ మీద తడి గోనె సంచి కప్పి, కొమ్మలు కొంత తగ్గించి, ఒకటి రెండు రోజుల్లోపే నిలబెట్టి, మూడు వైపులా వెదురు ఊతాలు కట్టి నీళ్ళు పోస్తే చాలా చెట్లు బతుకుతాయి.

మాకు పెరడు లేదు, మరి?

మన పిల్లల్లో సగం మంది పాత వీధుల్లో ఒకదాని వెనక ఒకటిగా గదులుండే ఇళ్ళల్లోనో, అద్దె వాటాల్లోనో ఉంటారు. పెద్ద డ్రమ్ములో మునగ పెరుగుతుంది, ఆకు మటుకు వస్తుంది. కుండీలో కరివేపాకు, తీగ బచ్చలి పెరుగుతాయి. గాలి రోజున ఆ కుండీల్ని లోపల పెట్టడం మర్చిపోకండి. చెట్టు లేకపోయినా జాడీ ఉండొచ్చు. వేసవిలో కొన్న మామిడికాయే ఆవకాయ అవుతుంది. ఇంకొకటి: వీధికి ఒక్క ఇంట్లో కొబ్బరి, ఇంకో ఇంట్లో అరటి ఉంటే తుపాను మర్నాడు అవి వీధి అందరివీ అవుతాయి. ఫైలిన్ అప్పుడు మా పక్కింటి ఒడియా కుటుంబం మాకు పొడి కట్టెలు ఇచ్చారు, మేము వాళ్ళకి బొండాలిచ్చాం. తెలుగు, ఒడియా అని ఎవరూ లెక్క చూడలేదు.

పిల్లలకి ఇంటి పని

మీ ఇంట్లో, వీధిలో ఉన్న చెట్లు లెక్కపెట్టండి. ఒక కాగితం మీద ప్రతి చెట్టు పేరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. కొబ్బరి – నడియా, మునగ – సజనా, చింత – తెంతులి, తాటి – తాళ, అరటి – కదళి. మిగతావి ఇంట్లో పెద్దల్ని అడగండి. పక్కన మూడు మాటలు రాయండి: ఏ నెలలో ఏమిస్తుంది, ఇంటికీ తీగకీ ఎంత దూరంలో ఉంది, ఎండు కొమ్మలున్నాయా. వచ్చే సోమవారం సైన్స్ పీరియడ్‌కి తీసుకురండి. అన్నీ కలిపి మన బడి చుట్టుపక్కల చెట్ల పటం గీద్దాం.

ఇంతకీ ఆ అమ్మాయి మామిడి చెట్టు ఏమైందంటారా? శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చూశాను. చెట్టుకి రోగం లేదు. రేకుల కప్పు మీదికి వాలిన పెద్ద కొమ్మ ఒకటుంది, మాను చుట్టూ సిమెంటు ఉంది. వాళ్ళ నాన్నగారితో కూర్చుని మాట్లాడాం. కొమ్మ తీయించి, సిమెంటు పగలగొట్టి మట్టి పోద్దామన్నారు. దాని పక్కనే మొవ్వు ఎండిపోయి నిలబడిన కొబ్బరి ఒకటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇంటికి అసలు ప్రమాదం దానివల్లే. దాన్ని కొట్టిస్తున్నారు. ఆ ఖాళీలో, గోడకి కొంచెం దూరంగా, మునగ కొమ్మ పాతే పని ఆ అమ్మాయిది.

మీ పెరట్లో చెట్టు గురించి సందేహం ఉంటే కొట్టించే ముందు ఒక్కసారి బడికి వచ్చి మాట్లాడండి. అక్టోబర్‌కి ఇంకా టైముంది.

– మీ సైన్స్ మాస్టారు, పాఠశాల ఎకో క్లబ్ తరఫున